మా పలక మీద రాత ఎవరిది?

మా ఇళ్ళల్లో పలకకి రెండు వైపులా పని వుండేది. ఒకవైపు బడి కోసం అ ఆ ఇ ఈ, ఎడమ నుంచి కుడికి. సాయంత్రం అబ్బా పని నుంచి వచ్చాక పలక తిరగేసి అలిఫ్ బే పెట్టేవారు, కుడి నుంచి ఎడమకి. తెల్లారి చంకలో పెట్టుకుని బడికి వెళ్ళేసరికి ఒంటికి తగిలిన వైపు చెరిగిపోయి చొక్కాకి అంటుకునేది. ఏ రోజు ఏ వైపు చెరిగిపోతుందో ఆ రోజు పలక పట్టుకున్న తీరుని బట్టి వుండేది. పొద్దున మసీదు వరండాలో జరిగే పాఠానికి పలకతో పనే లేదు. అక్కడ ఖాయిదా మీద వేలు పెట్టి చదవడమే, రాయడం లేదు.

పిల్లలకి రాత నేర్పడం అంటే అక్షరాలు నేర్పడం అనే అందరూ అనుకుంటారు. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం. ఆ అక్షరాలతో రాయించింది ఎవరి మాటలు, ఆ వాక్యం ఎవరి నోట్లోంచి వచ్చింది అన్న ప్రశ్న మాకు నలభై దాటాక గాని తట్టలేదు. ఉర్దూలో రాసి, తెలుగులో రాసి, ఒకదాన్నుంచి ఇంకొకదానికి తర్జుమాలు చేసి బతుకుతున్నవాళ్ళం. ఇన్నేళ్ళ రాతలో మా అమ్మ మాట్లాడిన వాక్యం ఒక్కటి కూడా ఉన్నదున్నట్టు కాగితం మీదికి రాలేదని ఒకరోజు తెలిసొచ్చింది. అప్పుడు వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చింది. మా పిల్లల పలక మీద ఎవరెవరు ఏమేం రాయించారని.

మాలో పిల్లవాడికి నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే బిస్మిల్లా చేస్తారు. కొత్తబట్టలు, మెడలో పూలహారం, లడ్డూలు. ఖురాన్‌లో మొట్టమొదట దిగినవని చెప్పే ఆయతులు పిల్లవాడితో పలికిస్తారు. చదవమన్న ఆజ్ఞతో మొదలై, కలంతో నేర్పిన అల్లా ప్రస్తావన వున్న ఆయతులవి. ఏలూరు ప్రాంతంవాడైన జాఫర్ షరీఫ్ అనే ఆయన దక్కను ముసల్మానుల ఆచారాల్ని పూసగుచ్చినట్టు రాస్తే, హెర్‌క్లాట్స్ అనే మద్రాసు సర్కారు వైద్యుడు దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి 1832లో 'ఖానూనె ఇస్లాం' పేరుతో లండన్‌లో అచ్చు వేయించాడు. ఈ బిస్మిల్లా సంగతి అందులో వుంది. పండగ ముందు బడి ఉస్తాద్ రంగు కాగితాల మీద ఈదీ పద్యాలు రాసి పిల్లల చేత ఇళ్ళకి పంపడం, వాటికి బదులుగా తల్లిదండ్రులు ఉస్తాద్‌కి డబ్బులు పంపడం కూడా వుంది. గమనించాల్సిన విషయం, ఆ పద్యం రాసేది ఉస్తాద్. మోసుకెళ్ళేది పిల్లవాడు.

మా పొరుగిళ్ళల్లో పళ్ళెంలో బియ్యం పోసి పిల్లవాడి వేలు పట్టి ఓం నమశ్శివాయ దిద్దిస్తారు. ఓనమాలు అన్న మాటే అందులోంచి పుట్టింది. (ఆ బియ్యప్పళ్ళెం మాల మాదిగ ఇళ్ళ గడప ఎప్పుడు తొక్కిందన్నది ఇంకో చరిత్ర, అదీ రాయాల్సిందే.) రెండు తంతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, అక్కడ వేలు కదులుతుంది, ఇక్కడ నోరు కదులుతుంది. కలం పేరెత్తిన ఆయతు పలికించిన పూటే పిల్లవాడి చేతికి కలం ఇవ్వాలని మా పెద్దల్లో చాలామందికి తోచలేదు. మసీదు మక్తబ్ ఆ తర్వాత కూడా చదువు దగ్గరే ఆగింది. ఖురాన్ మొత్తం చదివేసి తన పేరు రాయలేని మనుషులు మా ఇళ్ళల్లో తరతరాలుగా వున్నారు. మా నానీ అలాంటిదే. అరబ్బీ గడగడా చదివేది, రేషన్ షాపులో వేలిముద్ర వేసేది.

"మీరు ఏలినోళ్ళు గదా, మీకేం తక్కువ?" అని మమ్మల్ని అడిగేవాళ్ళు ఎప్పుడూ వుంటారు. వాళ్ళకి ఒక కలెక్టరు లెక్క చూపించాలి. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి.కాంప్‌బెల్ తన జిల్లాలో బళ్ళ సంగతి వివరంగా రాసి మద్రాసుకి పంపాడు. అప్పటికే తెలుగుకి ఇంగ్లిష్‌లో వ్యాకరణం రాసినవాడు, ఇక్కడి భాషలు తెలిసినవాడు. ఇప్పటి అనంతపురం కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే, 1882లో గాని విడిపోలేదు. జనాభా 9,27,857. బళ్ళు 533. వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226, మరాఠీవి 23, సంస్కృతానివి 23, పారశీకానివి 21, తమిళానివి 4, ఇంగ్లిష్‌ది ఒకటి. మొత్తం పిల్లలు 6,641 మంది. ఇందులో ముసల్మానుల పిల్లలు 243 మంది.

రెండువందల నలభై మూడు! టిప్పు సుల్తాన్ చనిపోయి అప్పటికి పాతికేళ్ళు కూడా కాలేదు. కొన్ని తరాలపాటు నవాబుల చేతుల్లో వున్న సీమ అది. ఏలినవాళ్ళ పిల్లలు పలక పట్టింది ఇంతమంది. ఏలినవాళ్ళు వేరే వున్నారు, మేం వేరే వున్నాం. దూది ఏకేవాళ్ళు, గాజులమ్మేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, గుర్రాలకి లాడాలు కొట్టేవాళ్ళు, కోటకి కాపలా కాసేవాళ్ళు. కోట ఎవరిదైనా కాపలావాడి కొడుక్కి పలక రాదు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది, అందరూ హిందువులే అని కాంప్‌బెల్ రాశాడు. మా ఆడపిల్ల ఒక్కతి కూడా లేదు.

ఆ నివేదికలో రాత నేర్పే పద్ధతి చదువుతుంటే కళ్ళకి కట్టినట్టుంటుంది. పిల్లలు ముందు ఇసకలో వేలితో అక్షరం దిద్దుతారు. చెయ్యి తిరిగాక తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద రెల్లు కలంతోనో, లేదా పలక మీదో రాస్తారు. ఆ రోజుల్లో పలకంటే రాతిపలక కాదు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్క. నున్నగా చిత్రిక పట్టి, అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే నల్లగా తయారవుతుంది. ఇంకోటి బట్టతో చేసేది. గంజి పెట్టి బిరుసెక్కించి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గు, జిగురు కలిపి పూస్తారు. దాన్నే కడతం అనేవాళ్ళు. రాయడానికి బలపం, తుడవడానికి తడిగుడ్డ. ఖర్చు లేని సామాను. ఉత్తరాదిన మదర్సాల తఖ్తీ కూడా దీని అక్కచెల్లెలే, కాకపోతే దానికి నలుపు బదులు ముల్తానీ మట్టి పూసి తెల్లగా చేసి, రెల్లుకలంతో నల్లసిరాతో రాస్తారు. చెక్క ఒకటే, పూతలే వేరు.

అయితే కాంప్‌బెల్ ఇంకో మాట కూడా అన్నాడు. బళ్ళల్లో పిల్లలు వల్లించే పద్యాల భాష వేరు, వాళ్ళు మాట్లాడే భాష వేరు, అర్థం తెలియకుండానే చిలకల్లా అప్పజెపుతున్నారని. దొర మాట కాబట్టి అనుమానించాల్సిందే, వాళ్ళ బడి గొప్పదని చెప్పుకోవడానికి మా బడిని తక్కువ చేసిన దొరలు చాలామంది వున్నారు. కానీ ఈ ఒక్కమాట మటుకు నిజం. ఖాయిదా ముందు కూచుని చదివిన మాకు, పద్యాలు వల్లించిన మా పక్కింటి పిల్లలకి, ఆ చిలక బాగా తెలుసు.

ఆ లెక్కలో లేని మా ఆడపిల్లలు ఏం చేస్తున్నారు? ఈ సీమలో వాళ్ళు చెప్పుకున్న మాట మాకు దొరకలేదు. ఉత్తరాది నుంచి ఒకామె మాట మటుకు ఉర్దూలో అచ్చయి వుంది. 1840లో బిజ్నోర్ జిల్లాలో పుట్టిన అష్రఫున్నీసా బేగం. బీబీ అష్రఫ్ అని అంటారు. ఆ ఇంట్లో ఆడపిల్లలు ఖురాన్ చదవచ్చు, రాయడం నేర్చుకోకూడదు. రాత వస్తే పరాయి మగవాళ్ళకి ఉత్తరాలు రాస్తారని భయం. ఆ పిల్ల పెనం అడుగు మసి గోకి సిరా చేసుకుంది. చీపురుపుల్లలు కలాలయ్యాయి. కుండ మీది మూత కాగితమయింది. మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ మిద్దెమీద కూచుని, పుస్తకంలో అక్షరాలు చూసి అలాగే గీసింది. గీసినదేమిటో చాలారోజులు తనకే తెలియదు. తర్వాత తర్వాత ఆ గీతలే మాటలయ్యాయి. ఆమె చివరికి లాహోర్‌లో ఆడపిల్లల బడిలో పంతులమ్మ అయింది. తన కథ తనే రాసుకుంటే 'తహ్జీబె నిస్వాఁ' అనే ఆడవాళ్ళ పత్రికలో వచ్చింది. మా ఇళ్ళల్లో పెనం మసి చూసినప్పుడల్లా ఇప్పుడు మాకు ఆవిడే గుర్తొస్తుంది. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టేసరికి 1934 వచ్చింది. చీపురుపుల్ల నుంచి బడిబెంచీ దాకా రావడానికి అంతకాలం పట్టిందన్నమాట.

ఇక నిజాం సంగతి. దాచుకోవాల్సింది ఏమీ లేదు, ఒప్పుకోవాల్సిందే వుంది. 1884లో హైదరాబాదు రాజ్యంలో పారశీకం తీసేసి ఉర్దూని సర్కారు భాష చేశారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం దాకా ఒక దేశభాషలో చెప్పాలన్న ఆ సాహసం గొప్పది. దానికోసం అనువాదశాల పెట్టి వేల పారిభాషిక పదాలు తయారుచేశారు. ఆ గొప్పతనం కింద నలిగినవాళ్ళు కూడా వున్నారు. రాజ్యంలో దాదాపు సగంమంది తెలుగు మాట్లాడేవాళ్ళయితే, ఉర్దూ తమ భాష అని చెప్పుకునేవాళ్ళు పదోవంతు. తెలుగు పిల్లవాడు కింది తరగతుల్లో తెలుగు నేర్చినా, పైకి పోవాలన్నా, కచేరీలో అర్జీ పెట్టాలన్నా కుడి నుంచి ఎడమకి రాయాల్సిందే. ఆ నొప్పి నిజమైనది. ఆ నొప్పిలోంచి 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వచ్చింది, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక వచ్చింది. మేం ఆ నొప్పి పక్షానే నిలబడతాం.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1901 జనాభా లెక్కల్లో ఆ రాజ్యంలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురు. ఆ ముగ్గురిలో జాగీర్దారు కొడుకున్నాడు, దేశ్‌ముఖ్ కొడుకున్నాడు, కచేరీ మున్షీ కొడుకున్నాడు. మిగతా తొంభై ఏడుగురిలో మేం వున్నాం. ఉర్దూ లిపి గోడల మీద, నాణేల మీద, స్టాంపు కాగితాల మీద రాజ్యం చేసింది. ఆ రాజ్యభాష మాదేనని మాకు చెప్పారు, మేం నమ్మాం. దాన్ని చదవడం మటుకు మాలో ఎక్కువమందికి నేర్పలేదు.

నేర్చుకున్నవాళ్ళకైనా దక్కిందేమిటి? మా ఇంటి భాష దక్ఖనీ. "నక్కో", "హౌ", "కైకు" అంటాం. ఈ భాషలోనే గోలకొండని 1580 నుంచి 1612 దాకా ఏలిన కులీ కుతుబ్‌షా దీవాన్ రాశాడు. 1635లో ముల్లా వజహీ 'సబ్‌రస్' అని ఏకంగా వచనమే రాశాడు. ఢిల్లీవాళ్ళు ఇంకా పారశీకంలో రాసుకుంటున్న రోజులవి. అలాంటి భాష మా బడి పలక దగ్గరికి వచ్చేసరికి మొరటు భాష అయిపోయింది. పిల్లల వాచకాలు మేరఠ్ నుంచి వచ్చాయి. ఇస్మాయిల్ మేరఠీ రాసిన వాచకాలు చక్కటివి, అందులో సందేహం లేదు. మా పెద్దలు ఎన్ని దేశాల మాటలు మరిచిపోయినా ఆయన పిల్లల పాటలు మరిచిపోలేదు. కాకపోతే అందులో భాష గంగా యమునల మధ్యది. మూసీ ఒడ్డు పిల్లవాడు ఇమ్లాలో "నక్కో" అని రాస్తే ఉస్తాద్ చెవి మెలిపెట్టేవాడు.

ఇమ్లా అంటే ఉస్తాద్ చెబుతుంటే పిల్లలు రాయడం. ఉర్దూలో ఇదొక గండం. "జ" కంటే కాస్త మెత్తగా, పళ్ళ మధ్యనుంచి పలికే శబ్దానికి నాలుగు అక్షరాలున్నాయి. జాల్, జే, జ్వాద్, జోయ్. అరబ్బీవాళ్ళ నోట్లో అవి నాలుగు శబ్దాలు, మా నోట్లో ఒకటే. "స"కి మూడు, "త"కి రెండు. ఏ మాటకి ఏది రాయాలో చెవి చెప్పదు, బట్టీ పట్టాల్సిందే. పైగా అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా వుంటుంది. అచ్చుల గుర్తులు రాయరు. జబర్, జేర్, పేష్ పెట్టకుండానే చదవాలి. మాట ముందే తెలిసినవాడికే రాత తెలుస్తుంది. ఇంట్లో ఆ మాట లేనివాడికి బడిలో ఆ రాత రాదు. ఇంత కష్టపడి నేర్పిన చదువులో ప్రథమ స్థానం ఖుష్‌ఖతీది, అంటే చక్కటి దస్తూరీది. కలం ముక్కు ఏటవాలుగా చెక్కడం, అలిఫ్ ఎన్ని నుఖ్తాల ఎత్తుండాలో కొలవడం, బే కడుపు ఎంత లోతుండాలో చూసుకోవడం. ఉస్తాద్ పై వరసలో రాస్తే పిల్లలు కింద పది వరసలు అలాగే దింపాలి. పది వరసలూ పక్కవాడివి ఒకటే, మావీ ఒకటే. సొంతంగా పదకొండో వరస రాయమని ఎవరూ అనలేదు.

ఈ దస్తూరీ వల్ల ఒక మేలు జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. లోహపు అచ్చుల్లో ఒదగని నస్తాలీఖ్ లిపి కాబట్టి ఉర్దూ పత్రికలు చాలాకాలం చేతిరాతతోనే వచ్చాయి. 1949లో మొదలైన 'సియాసత్' లాంటి దినపత్రికలన్నిటికీ కాతిబులే అక్షరాలు. రాత్రంతా కూచుని పసుపు కాగితం మీద వార్తలు రాసిన ఆ మనుషుల వేళ్ళలో చిన్నప్పటి తఖ్తీ వుంది. 1994లో ఇన్‌పేజ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చింది. కొన్నేళ్ళలోనే కాతిబులు శుభలేఖల రాతకి, దుకాణం బోర్డులకి వెళ్ళిపోయారు. మేం పత్రికలోకి వచ్చేనాటికి వాళ్ళ బల్లలు మూలన పడివున్నాయి. ఇంకా వార్తలు తామే రాసిన రోజుల గురించి చెప్పేవాళ్ళు. "రాసింది మేమే బేటా, కానీ మా మాట ఒక్కటీ లేదు అందులో" అని ఒక ముసలాయన నవ్వుతూ అన్నమాట ఇప్పటికీ చెవుల్లో వుంది.

పిల్లలు ఏ భాషలో రాయాలన్న గొడవ తెలుగులో కూడా జరిగింది. ఇవాళ వ్యావహారిక భాషోద్యమం అంటే పెద్ద పెద్ద కవుల కొట్లాటగా చెబుతారు గాని, అది పుట్టింది బడిపిల్లల కాంపోజిషన్ పుస్తకంలోంచి. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి, పిల్లలు ఎన్నడూ నోట పలకని గ్రాంథికంలో వ్యాసం రాయమనడం ఏం న్యాయమని అడిగాడు. ఇన్‌స్పెక్టరుగా వున్న యేట్స్ దొరకి కూడా అదే అనుమానం వచ్చింది. 1910 తర్వాత నాలుగైదేళ్ళపాటు స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయచ్చన్న దాని మీద మద్రాసులో యుద్ధమే జరిగింది. వాడుకభాషకి ఒకసారి ఒప్పుకుని మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

గిడుగు అంటే మాకు అంతకన్నా ఎక్కువ గౌరవం ఇంకో పనికి. ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు తయారుచేశాడు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించాడు. ఒక పిల్లవాడి ఇంటి మాటని పలక మీదికి ఎక్కించడం అంటే అది. దక్ఖనీకి అలాంటి పంతులు దొరకలేదు. నూర్‌బాషాల, దూదేకుల ఇళ్ళల్లో అమ్మభాష తెలుగే. ఆ పిల్లలకి మసీదులో "మీకు ఉర్దూ రాదా, మీరేం ముసల్మానులు?" అని, బడిలో "సాయిబువి, నీకు తెలుగెలా వచ్చురా?" అని రెండు చోట్లా ఆశ్చర్యాలే ఎదురయ్యాయి. పిఠాపురం ఉమర్ ఆలీషా (1885-1945) అంతటి తెలుగు కవి వున్నాడని చెప్పుకున్నా ఆ ఆశ్చర్యం తగ్గలేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. ఉస్మానియాలో ఉర్దూ బోధన ఆ తర్వాత ఆగిపోయింది. నిన్నటిదాకా కచేరీ భాష అయినది ఇవాళ అనుమానం భాష అయింది. 1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది. అదే ఏడాది రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించాలని అందులో వుంది. కాగితం మీద మంచి రాతే. మా తాలూకాల్లో అది ఉర్దూ మీడియం ప్రాథమిక పాఠశాల అనే బోర్డుగా కనిపించింది. ఒక గది, ఒక ఉస్తాద్, అయిదు తరగతులు. పుస్తకాలు దసరాకో దీపావళికో వచ్చేవి. అయిదు అయిపోయాక ఆ వూళ్ళో ఆరో తరగతి తెలుగులోనే వుండేది. పదేళ్ళ పిల్లవాడు మళ్ళీ అ ఆ ల దగ్గరికి వచ్చి, చిన్న తరగతి పిల్లల మధ్య కూచుని, ఎడమ నుంచి కుడికి మొదలుపెట్టాలి. ఎంతమంది కూచుంటారు? సైకిల్ షాపు, వెల్డింగ్ షాపు ఆ గది ఎదురుగానే వుండేవి. మా పిల్లలందరూ మదర్సాల్లోనే చదువుతారని అనుకునేవాళ్ళ కోసం ఒకటి చెప్పాలి. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలకి వెళ్ళేది నూటికి నలుగురి లోపేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మా పిల్లలు చదువు ఆపేసింది మామూలు బడి గుమ్మం దగ్గరే.

మాలో కొందరిని పెద్దలు మొదటినుంచే తెలుగు బడిలో వేశారు. మేం అలాంటివాళ్ళం. బడిలో పిల్లవాడు రాయడం నేర్చే మొదటి మాట తన పేరు. మా పేరు మాకంటే ముందు హాజరుపట్టీలో పంతులుగారు రాశారు. ఖాజా అక్కడ కాజ అయ్యాడు, హుసేన్ ఉశేను అయ్యాడు, మహబూబ్ మాబు అయ్యాడు. పుట్టినరోజు కూడా ఆయనే రాశారు, మాలో సగంమందిమి జూన్ 1న పుట్టాం. ఆ తప్పు రాతనే పలక మీద నూరుసార్లు దిద్ది నేర్చుకున్నాం. ఇంటికెళ్ళి చూపిస్తే అబ్బా పలక తిరగేసి అదే పేరు ఉర్దూలో పెట్టారు. రెండువైపులా వున్నది ఒకరే అని మాకు నమ్మకం కుదరలేదు.

నాలుగో తరగతిలో "మా పండుగ" అని వ్యాసం రాయమన్నారు. అందరూ వాచకం చూసి దీపావళి దించారు. మేం పీర్ల పండుగ రాశాం. అది మా వూళ్ళో అందరి పండుగే కాబట్టి తప్పు కాదనుకున్నాం. అలావా గుండంలో నిప్పులు, పీర్ని ఎత్తుకున్న కుమ్మరి మల్లయ్యమామకి దూల రావడం, ఇంట్లో మలీదా చేయడం, అబ్బా దస్తర్‌ఖాన్ పరిచి పక్కింటివాళ్ళని పిలవడం, అన్నీ రాశాం. పుస్తకం తిరిగొచ్చింది. మలీదా కింద ఎర్రగీత, దస్తర్‌ఖాన్ కింద ఎర్రగీత, దూల కింద ఎర్రగీత. చివర "దస్తూరి బాగున్నది. అన్యభాషా పదములు, గ్రామ్యములు వాడరాదు" అని రాసి పదికి నాలుగు మార్కులు. ఆ పంతులుగారు చెడ్డమనిషి కాదు. మా అక్షరాలు ముత్యాల్లా వున్నాయని క్లాసంతా తిప్పి చూపించారు. దస్తూరీ అన్న మాట పారశీకం నుంచి వచ్చిందని ఆయనకీ తెలియదు, అప్పటికి మాకూ తెలియదు. మరుసటి ఏడు మేం కూడా దీపావళి దించాం. పదికి ఎనిమిది వచ్చాయి. అమ్మీ ఆ పుస్తకం చూసి, మనింట్లో కాకరపువ్వొత్తులు ఎప్పుడు కాల్చామని అడిగింది.

చిన్న పిల్లలకి రాత నేర్పడంలో జరిగిన నష్టం అక్కడ వుంది. చెయ్యి తిరిగింది, మాట తిరగలేదు. ఉర్దూ ఉస్తాద్ "నక్కో" కొట్టేశాడు, తెలుగు పంతులు మలీదా కొట్టేశాడు. ఇద్దరికీ మా దస్తూరీ నచ్చింది. అలా పెరిగినవాళ్ళం రేపు పెద్దయి మా గురించి మేం రాసుకోవాలంటే ఎవరి వాక్యం ఎత్తుకోవాలి? మా గురించి మిగతావాళ్ళు రాసిన వాక్యాలే అద్దంలో చూసి దించుకోవాలి. చాలాకాలం అలాగే దించుకున్నాం. కథల్లో మేం గుర్రబ్బండి సాయిబులం, సినిమాల్లో వచ్చీరాని తెలుగు మాట్లాడే నవ్వులాటలం.

ఇప్పుడు పలకలు పోయాయి. 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు ఇంగ్లిష్ మీడియంలో వచ్చాయి, 2022 నుంచి సర్కారు బళ్ళలో కూడా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టారు. మా పేదవాళ్ళు ఇంగ్లిష్ కావాలని అడిగారు, అడగడం తప్పని ఎవరూ మాకు చెప్పనక్కర్లేదు. చెప్పేవాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో మాకు తెలుసు. 2017లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూని రెండో అధికార భాష చేశారు. ఆఫీసుల మీద బోర్డులు మూడు లిపుల్లో వచ్చాయి. మూడో తరగతి పిల్ల నోట్‌బుక్‌లోకి ఏం వచ్చిందో చూడాలనిపించింది.

పాతబస్తీలో ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేసే మిత్రుడితో ఒకరోజు బడికి వెళ్ళాం. మూడో తరగతి. నిన్న మీ ఇంట్లో జరిగింది ఏదైనా నాలుగు ముక్కలు రాయమన్నాం. ఏ భాషలోనైనా, ఏ అక్షరాల్లోనైనా. చాలాసేపు ఎవరూ కలం ఎత్తలేదు. "బోర్డు మీద రాయండి సార్, చూసి రాస్తాం" అన్నాడు ముందు వరస అబ్బాయి. మేం రాయలేదు. ఒకడు గోడ మీది మంచి అలవాట్ల చార్టు దించడం మొదలుపెట్టాడు. ఇంకొకడు ఇంగ్లిష్ వాచకంలో ఆవు పాఠం. కిటికీ దగ్గర అమ్మాయి మటుకు లేచి అడిగింది, "ఘర్‌మే బాత్ కర్తే వైసాచ్ లిఖ్నా క్యా సార్? గలత్ నై క్యా?" ఇంట్లో మాట్లాడినట్టే రాయాలా, తప్పు కాదా అని. తప్పు కాదన్నాం. మిత్రుడి ముఖంలోకి ఒకసారి చూసి, ఆయన కూడా తలూపాక కూచుంది. దానికి వచ్చింది తెలుగక్షరాలు. వాటితోనే రాసింది.

"నానీ చౌరస్తే పో చూడియా బేచ్‌తీ. కల్ బారిష్ ఆయీ. దో డజన్ టూటే. నానీ రోయీ నై. మై రోయీ."

చౌరస్తాలో గాజులమ్మే నానీ, నిన్నటి వాన, పగిలిన రెండు డజన్లు. నానీ ఏడవలేదట, తనే ఏడ్చిందట. మిత్రుడు అది రెండుసార్లు చదివాడు. ఏ సబ్జెక్టు కింద మార్కులెయ్యాలో తెలియట్లేదన్నాడు. తెలుగు కాదు, ఉర్దూ పుస్తకం భాష కాదు, ఇంగ్లిష్ అసలే కాదు. ఆ అమ్మాయి పుస్తకం తిరిగి తీసుకుంటూ, "డజన్ కౌన్సీ జబాన్ హై సార్?" అని అడిగింది. మేం చెప్పేలోపే గంట కొట్టారు. పిల్లలు పళ్ళేలు తీసుకుని మధ్యాహ్న భోజనానికి పరిగెత్తారు.